తట్టడం కాదు, నొక్కడం

తెర అవతలి నుంచి భర్త మాటలు వినబడుతూనే ఉన్నాయి. మామూలుగా ఆమె వాటిని పట్టించుకోదు, ఫ్యాను చప్పుడును పట్టించుకోనట్టే. కానీ ఈసారి చేతిలోని అగ్గిపుల్ల ఆగిపోయింది.

"చాలామంది ఏం చేస్తారంటే మేడమ్, రీలు కెమెరా మొరాయించగానే లోపలి సర్క్యూట్ బోర్డు మొత్తం పోయిందనేస్తారు. పోదండీ! ఎక్కడో ఒక్క అతుకు విడిపోయి ఉంటుంది. కంటికి కనబడదు. నేనైతే ఏం చేస్తానంటే, ఓ అగ్గిపుల్ల తీసుకుని ఒక్కో అతుకునీ అలా అలా తట్టుకుంటూ పోతా."

'తట్టడం కాదు,' అనుకుంది ఆమె. 'నొక్కడం.'

తడితే బోర్డంతా అదురుతుంది. ఏ అతుకు వల్ల కెమెరా మేలుకుందో తెలియదు. నొక్కితే ఆ ఒక్కటే కదులుతుంది. అగ్గిపుల్లయితే కరెంటు పాకదు, బోర్డు మీద గీత పడదు. ఆమె చేసే పనుల్ని ఆయన తనవిగా చెప్పుకోవడం కొత్తేమీ కాదు. తప్పుగా చెప్పుకోవడం ఈరోజే విన్నది. ఆ తప్పు చెవిలో దూరిన చీమలా తిరుగుతోంది.

కొట్టు ముందు భాగం ఆయనది. బల్లా, అద్దాల బీరువా, పైన 'కెమెరా డాక్టర్' అన్న బోర్డూ ఆయనవి. తెరకు ఇవతలి గది ఆమెది. పళ్ళ చక్రాలు, స్ప్రింగులు, లెన్సులు ఆయన బాగుచేస్తాడు, బాగానే చేస్తాడు. తీగ ఉన్న ప్రతిదీ తెర దాటి ఇవతలికి వస్తుంది, బాగుపడి తెర దాటి అవతలికి పోతుంది. కిటికీ పక్కన కుర్చీలో అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

అవతల వచ్చినావిడ ఫోటోగ్రఫీ నేర్పే స్కూలు డైరెక్టరు. కుర్రాళ్ళు మళ్ళీ రీలు కెమెరాలు కొంటున్నారట. కొన్న నెలకే లోపలి కరెంటు వ్యవహారం చెడిపోతోందట.

"స్ప్రింగుల పని చెప్పేవాళ్ళు మాకు ఉన్నారండీ. సర్క్యూట్ చెప్పేవాళ్ళే దొరకడం లేదు," అంటోంది ఆవిడ. "ఈ శనివారం ఒక క్లాసు చెప్పి చూడండి. బాగుంటే ప్రతి శనివారం మీరే చెబుదురు గాని."

"దానికేం మేడమ్. సర్క్యూటే కదా!"

ఈనె తీస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. కోడలి వైపు చూసింది. కోడలు బోర్డు వైపు చూసింది.

కాసేపటికి తెర తొలగించుకుని ఆయన వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"విన్నావా?"

"విన్నాను. సర్క్యూట్ గురించి మీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు. శనివారానికి ఇంకా టైముందిగా, నువ్వు చెప్పెయ్." బజారుకు పోతూ ఏం కావాలో చెప్పమన్నంత తేలిగ్గా అన్నాడు.

"ఆవిడతో ఆ మాట అనలేకపోయారా?"

"ఆవిడ అంత గౌరవంగా అడుగుతుంటే ఎలా అంటాను? మధ్యలో ఆపి, ఆగండి మేడమ్, మా ఆవిడ్ని పిలుస్తానంటే ఏం బావుంటుంది?"

"బాగుండదా?"

ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. టీ ఉందా అని అడిగాడు.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు సగం తలుపు వేసి పాఠం మొదలుపెట్టారు. పాడైన పాత కెమెరా ఒకటి ఆయన ముందు పెట్టింది.

"ముందేం చేస్తారు?"

"బ్యాటరీ తీస్తా."

"తరవాత?"

"మూత విప్పుతా."

"తరవాత?"

"బోర్డు చూస్తా."

"చచ్చారు."

"ఎందుకూ?"

"ఇది ఫ్లాష్ ఉన్న కెమెరా. బ్యాటరీ తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు అలాగే దాక్కుని ఉంటుంది. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి." రెండు తొడుగు తీగల మధ్య రెసిస్టర్ అతికించి తాను తయారుచేసుకున్న పనిముట్టు తీసి, కొసలు రెండింటినీ కెపాసిటర్ కాళ్ళకు ఆనించి పట్టుకుంది. "ఇలా కాసేపు పట్టుకోవాలి. ఆ తరవాత మీటరు పెట్టి, సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. సున్నా చూడకుండా పెట్టకూడదు. గుర్తుంటుందా?"

"ఇంత చిన్నది గుర్తుండదా?"

మర్నాడు గుర్తులేదు. కెవ్వున అరిచాడు. చేతిలోని స్క్రూడ్రైవర్ ఎగిరి వెళ్ళి అత్తగారి కూరగాయల గిన్నెలో పడింది.

ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసింది. "ఒంటికి ఇనుము మంచిదే గానీ నాయనా, మరీ ఇంత వద్దురా."

"అమ్మా, నవ్వకు. చెయ్యి భుజం దాకా లాగేసింది."

"నవ్వక ఏం చెయ్యను? చిన్నప్పుడు బల్బు మార్చమంటే గొడుగు వేసుకుని నిలబడ్డాడు అమ్మాయ్ వీడు."

ఆమె నవ్వలేదు. పక్కన ట్రేలో పని పేరుకుపోతోంది. బ్యాటరీ కారి పచ్చటి చిలుము పట్టిన కెమెరా ఒకటి. దాన్ని వెనిగర్‌తో తుడిచి, స్పిరిట్‌తో తుడిచి, చిలుము తీగ లోపలికి ఎంత దూరం పాకిందో గీకి చూడాలి. మీటరు ముల్లు పడుకున్నది ఇంకొకటి. అద్దం పైకి లేచి అక్కడే బిగుసుకుపోయేది మరొకటి. లోపలి స్పాంజి పాతబడి బంకలా కరిగి అయస్కాంతానికి అంటుకుంది. వాటన్నిటి మధ్యా ఈయన తలెత్తి, "కరెంటు ఎటు నుంచి ఎటు పోతుందన్నావ్?" అని అడుగుతున్నాడు. చెప్పినదే చెబుతోంది. పళ్ళ చక్రమైతే ఏది దేన్ని తిప్పుతోందో కంటికి కనబడుతుందని ఆయన వాదన. "కనబడని దాన్ని ఎలా నమ్మమంటావు?"

"నిన్న నమ్మారుగా, భుజం దాకా."

శుక్రవారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి గదిలో ఏదో మాడుతున్న వాసన. ఆయన ఆమె కుర్చీలో, ఆమె ల్యాంపు కింద, ఆమె సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నది పాడైన పాత కెమెరా కాదు. ప్రెస్సాయన కెమెరా. వార్తాపత్రికలో ఫోటోలు తీసి రిటైరైన ఆ పెద్దమనిషి దానికోసం వచ్చి వచ్చి పోతున్నాడు. ఆ సాయంత్రానికి ఇస్తామని చెప్పింది కూడా ఈయనే.

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..." అన్నాడు.

"ఐరన్ తియ్యండి."

"ఒక్క క్షణం, ఇంకా కరగలేదు."

"కరిగింది. తియ్యండి!"

తీశాడు. ఐరన్ మొనతో పాటు సన్నటి రాగి గీత కూడా లేచి వచ్చింది, పుండు మీది చెక్కు ఊడినట్టు. నారింజ రంగు పల్చటి రేకు మీద గీతలు గీతలుగా కరెంటు పోయే ఆ దారిలో ఇప్పుడు మధ్యలో ఒక చోట ఏమీ లేదు. అలాంటి రేకు ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు.

ఆమె ఐరన్ స్విచ్ ఆపేసింది. వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా దాని ముందు నిలబడింది. కాసేపు నిలబడి తిరిగి వచ్చి, "లేవండి," అంది.

ఆ పూటంతా దానికే సరిపోయింది. పాత వైరు ఒకటి చీల్చి, అందులోంచి వెంట్రుకంత సన్నటి పోగు లాగి, తెగిపోయిన గీత రెండు కొసల మధ్యా పరిచి, ఊపిరి బిగబట్టి అటొకటీ ఇటొకటీ అతుకు పెట్టింది. పోగు కదలకుండా దాని మీద గోళ్ళరంగు ఒక చుక్క వేసింది. ఆరేదాకా ఎవరూ ఫ్యాను వెయ్యడానికి వీల్లేదు. అత్తగారు చీర చెంగుతో విసురుకుంటూ, "మన ఇంట్లో గోళ్ళకి తప్ప అన్నిటికీ గోళ్ళరంగు వేస్తారు," అని గొణిగింది.

సాయంత్రం ప్రెస్సాయన వచ్చాడు. తెర అవతల మోటారు గిర్రున తిరిగి, షట్టరు టక్కున కొట్టుకున్న చప్పుడు వినబడింది. మళ్ళీ గిర్ర్, టక్.

"అబ్బ!" అన్నాడు ప్రెస్సాయన. "పోయిందనుకున్నానండీ. డాక్టర్ గారూ, మీ చేతిలో ఏదో మహిమ ఉంది."

"ఏదో, అంతా మీ అభిమానం."

ఆమె గోళ్ళరంగు సీసా మూత బిగిస్తోంది. మూత తిరగలేదు. మర తప్పి ఎక్కింది. విప్పి మళ్ళీ బిగించింది.

ఆయన లోపలికి వచ్చాక అడిగింది. "రేపు నేను చెబితే ఏం?"

"ఏం చెబితే?"

"క్లాసు."

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వా? పదిమంది ముందు నిలబడాలి. ఒకటే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. అసలే నీకు చిరాకెక్కువ. పాపం ఎవడో తెలీక ఏదో ముట్టుకున్నాడనుకో, వాడి మీద అరుస్తావు."

"అరవకపోతే వాడు చస్తాడు."

"అదిగో, చూశావా?"

"వాడన్నది నిజమే అమ్మాయ్, నీకు చిరాకు ఎక్కువే," అంది అత్తగారు. "వీడికి చేతకాదన్నది ఇంకా నిజం."

"అమ్మా! నువ్వు ఎవరి తరపు?"

"నా కళ్ళజోడు బిగించిపెట్టిన వాళ్ళ తరపు. ఇంతవరకూ ఎవరూ బిగించలేదు."

ఆయన నవ్వుతూ కొట్టు మూయడానికి వెళ్ళాడు. మాట అక్కడితో అయిపోయిందనుకున్నాడు. ఆమెకు అవలేదు. ఆ క్లాసు గదిలో ఆ కెమెరాల ముందు నిలబడి, ఇది ఇలా, అది అలా అని తన నోటితో తాను చెప్పాలని తనకు ఇంత ఆశ ఉందని, ఆ మాట పైకి అడిగేదాకా ఆమెకే తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, చిలుము పట్టిన కెమెరాను దగ్గరికి లాక్కుంది.

*

"నువ్వు వెనక వరసలో కూర్చో," అన్నాడు ఆయన బస్సులో. "నేను తప్పు చెబితే దగ్గు. చిన్నగా. నేను సర్దుకుంటా."

ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీటు వెనకాల గీసిన గీతల్ని చూస్తూ కూర్చుంది.

క్లాసు గది పెద్దదే. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద ల్యాంపు, ఐరన్, తడి స్పాంజి. చుట్టూ కుర్చీలు నిండిపోయాయి. ఎక్కువమంది చిన్నవాళ్ళు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే గళ్ళ చొక్కా ఆయన ఒకడు అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె వెనక గోడ పక్కన, మంచినీళ్ళ డబ్బా దగ్గర కూర్చుంది.

భర్త బాగా మాట్లాడాడు. అది ఒప్పుకోవాలి. కెమెరా అడుగు మూత విప్పి, ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతుందో చెబుతూ నవ్వించాడు. ఆమెకు కూడా ఒకచోట నవ్వు వచ్చింది, ఆపుకుంది. తరవాత బోర్డు దగ్గరికి వచ్చాడు.

"అతుకు ఎక్కడ విడిపోయిందో తెలియాలంటే, అగ్గిపుల్ల తీసుకుని ఇలా తట్టాలన్నమాట."

ఆమె దగ్గింది.

"ఒక్కొక్క అతుకునీ తట్టుకుంటూ పోవాలి."

గట్టిగా దగ్గింది.

ఆయన తలెత్తి జాలిగా చూశాడు. "ఎవరైనా ఆవిడకి కాసిని మంచినీళ్ళు ఇవ్వండమ్మా."

పక్కన కూర్చున్న పొట్టి జుట్టు అమ్మాయి గబగబా గాజు గ్లాసులో నీళ్ళు పట్టి ఇచ్చింది. ఆమె తీసుకుంది. తాగలేదు, పట్టుకుని కూర్చుంది.

డైరెక్టరమ్మ స్కూలువాళ్ళ కెమెరా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. నొక్కితే ఒకసారి పలుకుతుంది, మరోసారి పలకదట. ఆయన ఉత్సాహంగా బ్యాటరీ తీశాడు, మూత విప్పాడు. "రండి రండి, దగ్గరికొచ్చి చూడండి. కరెంటు లేదు కాబట్టి భయం లేదు."

ఆ కెమెరా నుదుటి మీద ఫ్లాష్ ఉంది. ఇంతకుముందే దాన్ని వెలిగించి చూపించారు. ఆమె దగ్గింది. ఇంకోసారి దగ్గింది. గళ్ళ చొక్కా ఆయన ముందుకు వంగి, చేతిలో ఇనుప ట్వీజర్లతో, "ఈ మందు సీసా లాంటిదేంటి సార్?" అంటూ లోపలికి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్!"

గ్లాసు కిందపడి పగిలింది. గదంతా వెనక్కి తిరిగింది. గళ్ళ చొక్కా ఆయన చెయ్యి గాల్లోనే ఉంది. ఆమె అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేసింది.

"ఇంకొంచెం ముందుకి పెట్టి ఉంటే ఈపాటికి కుర్చీతో సహా వెనక్కి పడేవాడివి," అంటూ సంచీలోంచి మీటరు తీసి కెపాసిటర్ కాళ్ళకు పెట్టింది. "చూడు. అందరూ చూడండి, ఎంత చూపిస్తోందో."

చూశారు. ఎవరో ఈల వేసినట్టు ఊపిరి వదిలారు.

"బ్యాటరీ తీసేశారుగా మేడమ్?" అన్నాడు గళ్ళ చొక్కా ఆయన.

"తీస్తే? కుళాయి కట్టేస్తే బిందెలో నీళ్ళు ఎక్కడికి పోతాయి? ముందు బిందె వంచాలి." రెసిస్టర్ కట్టిన తీగలు ఆనించి పట్టుకుంది. మళ్ళీ మీటరు పెట్టింది. అంకెలు దిగాయి. ఇంకా కొంచెం మిగిలే ఉంది. "చూశారా? ఒక్కసారితో అయిపోయిందనుకోకూడదు." మళ్ళీ ఆనించింది. సున్నా. "ఇప్పుడు పెట్టుకో నీ ట్వీజర్లు."

డైరెక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మీరు...?"

"మా ఆవిడండి," అన్నాడు భర్త. "నాకు పనిలో సాయం చేస్తుంటుంది."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన మొహంలో దాపరికం లేదు, కుళ్ళు లేదు. పెళ్ళిళ్ళలో, కొట్టులో, ఎవరు అడిగినా చెప్పే మాటే ఇక్కడా చెప్పాడు. ఆమె ఫ్లాష్ ఆపి, బ్యాటరీ మళ్ళీ వేసింది. ఆయన చేతిలోని అగ్గిపుల్ల తీసుకుంది.

"అంటే తట్టకూడదా అండీ?" పొట్టి జుట్టు అమ్మాయి అడిగింది.

"ఎవరు చెప్పారు తట్టమని?"

ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఆయనే కిటికీ వైపు చూశాడు.

"నొక్కాలి. తడితే ఊరంతా నిద్ర లేస్తుంది, మనకి కావాల్సినవాడు ఎవడో తెలీదు. ఇలా రా. పట్టుకో. అబ్బ, అంత గట్టిగా కాదు. నీ కంటిరెప్ప మీద నొక్కుకుంటే ఎంత ఓర్చుకుంటావో అంత. ఆ. పక్కది. దూకకు, వరసగా రా. మధ్యలో వదిలేశావు, మళ్ళీ మొదలుపెట్టు."

ఒకటే ప్రశ్న అందరూ అడిగారు. ఆమె ప్రతిసారీ విసుక్కుంది, ప్రతిసారీ ఇంకోలా చెప్పింది. విసుక్కున్న కొద్దీ వాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు. "నేను చేస్తా, నన్ను తిట్టండి మేడమ్," అన్నాడు గళ్ళ చొక్కా ఆయన, అందరూ నవ్వారు. అతని చేతిలో ఉండగానే, మూలనున్న అతుకు మీద పుల్ల ఆనినప్పుడు, కెమెరా టక్కున పలికింది. పుల్ల తీస్తే మూగపోయింది. పెడితే పలికింది.

"అదిగో," అంది ఆమె. "బ్యాటరీ తీసి, సున్నా చూసుకుని, ఇప్పుడు ఐరన్ ఆనించు. కరిగి మెరిసిందా, తియ్. తియ్యమన్నానా!"

తీశాడు. రాగి గీత ఉన్నచోటే ఉంది.

భర్తకు చేయడానికి ఏమీ మిగల్లేదు. కాసేపు నిలబడ్డాడు. తరవాత ఎక్కడి నుంచో పాత గుడ్డ సంపాదించి, గ్లాసు ముక్కలు ఏరి, కింద నీళ్ళు తుడవసాగాడు.

అందరూ వెళ్ళిపోతుంటే డైరెక్టరమ్మ వచ్చి, అలవాటుగా ఆయన వైపు తిరిగింది. "డాక్టర్ గారూ, చాలా బాగుంది. ప్రతి శనివారం ఖాయం చేసుకుందామా?"

"తప్పకుండా మేడమ్. దానికేం, వస్తా..."

"నేను వస్తానండీ," అంది ఆమె. ఐరన్ మొన తడి స్పాంజి మీద తుడుస్తోంది, తలెత్తలేదు. "ఆయనకి కొట్టుంది. అవసరమైతే సాయానికి పిలుస్తాను."

డైరెక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆయన నోరు తెరిచి ఉంది. "అలాగేనండీ," అంది ఆవిడ, ఆమెతో. "పొద్దున్నే రాగలరా?"

"రాగలను."

*

బస్సులో సంచీ ఈసారి ఆయన ఒళ్ళో ఉంది.

"నన్ను ఒక్కమాట అడగొచ్చుగా," అన్నాడు.

"మీరు నన్ను అడిగారా?"

బస్సు ఆగింది, జనం దిగారు, మళ్ళీ కదిలింది.

"అది సరే. శనివారం కొట్టుకి సర్క్యూట్ పని వస్తే?"

"నేర్పాను కదా."

"ఏం నేర్చుకున్నానో చూశావుగా." నిన్న ఐరన్‌కు కాలిన బొటనవేలు ఆమెకు చూపించాడు. గొంతులో పౌరుషం లేదు, బెంగే ఉంది. "నిజంగా అడుగుతున్నా. ప్రెస్సాయన లాంటివాళ్ళు వచ్చి కూర్చుంటారు. వాళ్ళకి ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి. ఈ పని చేసే ఆవిడ శనివారాలు ఉండరు, రేపు రండి అనండి."

ఆయన పెదవులు కొంచెం కదిలాయి. ఆ మాట తన బల్ల వెనక నిలబడి, ఆ బోర్డు కింద నిలబడి చెబితే ఎలా ఉంటుందో సరిచూసుకుంటున్నట్టున్నాడు.

"ఎవరావిడ అంటారే," అన్నాడు.

"అంటారు," అంది ఆమె.